తుపాకీ ఒకరిది, తీర్పు ఒకరిది

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. వేటగాళ్ళను అడవిలోకి వెంటబెట్టుకుపోయే గైడుల గురించి నేను కిందటిసారి రాసిన నాలుగు మాటలు పట్టుకొని నీవు బాగానే నిలదీశావు. డబ్బు పుచ్చుకున్న మనిషి డబ్బిచ్చినవాడిని "ఆగు, కాల్చవద్దు" అని ఎలా శాసిస్తాడు, అలా శాసించేవాడిని మరుసటి ఏడు ఎవరు పిలుస్తారు అన్నది నీ ప్రశ్న. నేను తుపాకీ పట్టినవాణ్ణి కాను. వేట మంచిదా చెడ్డదా అన్న వాదం మన మధ్య ఎన్నోసార్లు నడిచింది కనుక ఈసారి దాని జోలికి పోను. కానీ ఆ ఇద్దరి సంబంధం గురించి చదివినకొద్దీ నాకు తోచింది ఏమిటంటే, అంత ఖర్చు పెట్టి క్లయింటు తెచ్చుకునేది అసలు ఆ "వద్దు" అనే మాటనే. చిక్కల్లా, ఏ మాట కోసం గైడును కుదుర్చుకున్నాడో ఆ మాట వినడానికే అతనికి మనసొప్పదు.

మొదటి రోజు సంగతి చూడు. శిబిరానికి చేరిన క్లయింటును గైడు వెంటనే మృగం మీదికి తీసుకుపోడు. ఒక అట్టముక్క మీద గుర్తు పెట్టి, ప్రయాణంలో రైఫిల్ దుర్భిణి కదిలి ఉంటుందేమో, ఒకసారి గురి సరిచూసుకుందామని అంటాడు. అది అబద్ధమేమీ కాదు, విమానాల్లో పెట్టెలు పడే కుదుపులకు గురి తప్పడం నిజంగానే జరుగుతుంది. అయితే గైడు కళ్ళు అట్టముక్క మీదకంటే మనిషి మీదనే ఎక్కువగా ఉంటాయి. మీట నొక్కే ముందు కళ్ళు మూసుకుంటున్నాడా, తుపాకీ తన్నుకు భుజం ముందే బిగిస్తున్నాడా, గురి తప్పితే నవ్వి ఊరుకుంటున్నాడా లేక తూటాల మీదికి నెపం నెడుతున్నాడా అన్నవన్నీ ఆ అరగంటలో లెక్కకు వస్తాయి. ఎంత దూరం నుంచి ఇతని చేత కాల్పించవచ్చు అన్న నిర్ణయం అక్కడే జరిగిపోతుంది, పైకి మాత్రం ఇద్దరూ రైఫిల్‌నే పరీక్షించినట్టు మర్యాదగా మాట్లాడుకుంటారు. ఆ మర్యాద నాకు చాలా నచ్చింది. ఒక మనిషిని తూచి చూస్తూ, తూస్తున్నట్టు అతనికి అనిపించనివ్వకపోవడం తేలికైన విద్య కాదు.

స్కాట్లాండు కొండల్లో ఎర్ర దుప్పుల వేట ఇంకా చిత్రంగా ఉంటుంది. ఎస్టేటులో ఉద్యోగం చేసే గైడు ముందు నడుస్తాడు, గాలివాటం చూసి దారి మళ్ళిస్తాడు, ఏ దుప్పిని తీయాలో, అంటే కాల్చి పడగొట్టాలో, ముసలిదో బలహీనమైనదో, తానే ఎంచుతాడు. సంచిలో పెట్టిన రైఫిల్ కూడా చాలా చోట్ల అతని చేతిలోనే ఉంటుంది. తడి గడ్డిలో బోర్లా పడుకొని పాకుతూ కాల్చే చోటికి చేరాక, చివరి నిమిషంలో మాత్రమే దాన్ని బయటకు తీసి అతిథికి అందిస్తాడు. అతిథి ఎంత పెద్ద హోదా కలవాడైనా ఆ కొండ మీద అతని వంతుకు వచ్చే పని ఒక్క మీట నొక్కడమే.

ఇక ప్రాణాపాయం ఉన్న వేటకు వస్తే ఈ సంబంధం మరీ ముడిపడుతుంది. ఆఫ్రికాలో అడవి దున్ననో చిరుతనో గాయపరిచి వదిలిపెట్టడం కుదరదు. నెత్తుటి చుక్కల వెంట పొదల్లోకి వెళ్ళి దాన్ని ముగించే బాధ్యత గైడుదే, క్లయింటు కోరితే వెంట రావచ్చు, లేదా గైడు వద్దంటే ఆగిపోవలసిందే. అంటే ఒకరి తొందరపాటు తూటాకు మరొకరి ఒళ్ళు పూచీ. జింబాబ్వేలో పూర్తి లైసెన్సు కావాలంటే రాతపరీక్ష నెగ్గి, అనుభవజ్ఞుల కింద కనీసం రెండేళ్ళు శిష్యరికం చేసి, ఆపైన అడవిలోనే జరిగే కఠినమైన పరీక్షను ఎదుర్కోవాలని నియమం పెట్టింది ఇందుకే. తుపాకీ కాల్చడం వచ్చినవాళ్ళు బోలెడుమంది ఉంటారు, ఇంకొకరు కాల్చినదాని ఫలితాన్ని మోయగలవారు తక్కువ.

ఇక్కడే రెండో తూటా పేచీ వస్తుంది. క్లయింటు తూటా తగిలీ తగలగానే, మృగం పొదల్లోకి దూరకముందే గైడు కూడా కాల్చవచ్చా? జాగ్రత్తగలవాళ్ళు ఈ మాట శిబిరంలోనే తేల్చుకుంటారు. కొందరు క్లయింట్లు "నా మృగాన్ని నేనే తీయాలి, నీవు ముట్టవద్దు" అంటారు, మరికొందరు "నీకు అవసరమనిపిస్తే కాల్చు" అంటారు. మొదటి రకం వారి మాటను గైడు ఒప్పుకున్నా, మృగం మీదికి దూకితే ఆ ఒప్పందం చెల్లదని ఇద్దరికీ తెలుసు. ఇంకొక రకం గైడులు ఉన్నారు. రెండు తుపాకులూ ఒకేసారి పేలినప్పుడు "మీ తూటాకే పడింది" అని ప్రకటించి, తమ తూటా సంగతి ఎన్నడూ ఎత్తరు. నీవైతే దీన్ని ముఖస్తుతి అంటావు. నేను మాత్రం దాన్ని వృత్తిలో భాగమనే అనుకుంటున్నాను, ఎందుకంటే దాని వల్ల అడవికీ మృగానికీ నష్టం లేదు, ఒకరి ఇంటి గోడకు తగిలించిన మృగం తల కథ మాత్రం కాస్త తీపెక్కుతుంది.

నష్టం వచ్చేది డబ్బు లెక్కలో. ఆఫ్రికా దేశాల్లో సాధారణంగా రోజువారీ రుసుము ఒకటి, పడిన ప్రతి మృగానికీ విడిగా కట్టే రుసుము మరొకటి. గాయపడి తప్పించుకున్న మృగానికి కూడా, నెత్తురు కనిపిస్తే చాలు, పూర్తి రుసుము కట్టవలసిందేనని చాలా చోట్ల నియమం. అది మంచి నియమమే, దూరం నుంచి అదృష్టం పరీక్షించుకునే చేతిని అది ఆపుతుంది. కానీ మృగం పడితేనే వచ్చే రాబడి మీద శిబిరం నడుస్తున్నప్పుడు, చివరి రోజు సాయంత్రం క్లయింటు సంతోషాన్ని బట్టి గైడు చేతిలో పడే బహుమానం ఉన్నప్పుడు, "ఈ సింహానికి ఇంకా వయసు రాలేదు, వదిలేద్దాం" అన్న ప్రతిసారీ గైడు తన జేబుకు తానే కత్తెర వేసుకుంటున్నాడు. నీవు అడిగిన ప్రశ్నకు అసలు బలం ఇక్కడుంది, దాన్ని నేను కాదనను.

అందువల్లనే ఈ "వద్దు"ను ఒక్క మనిషి గుండెనిబ్బరానికి వదిలేయకుండా చట్టాలు దాని వెనుక నిలబడవలసి వచ్చింది. మొజాంబిక్‌లోని నియస్సా రిజర్వులో ఆరేళ్ళు దాటిన మగ సింహాన్నే వేటాడాలన్న పద్ధతి పెట్టి, లేత వయసు సింహాన్ని తీసిన శిబిరానికి మరుసటి ఏటి కోటాలో కోత వేశారు. చూడు, ఒక్క దెబ్బతో లెక్క తిరగబడింది. జూలు, ముక్కు రంగు, మొహం మీది గాట్లు చూసి వయసు కట్టగల గైడు ఇప్పుడు శిబిరం రాబడిని కాపాడేవాడయ్యాడు, అతని నిరాకరణకు యజమాని కూడా అండగా నిలబడతాడు. అలాస్కాలో అమెరికాలోని వేరే రాష్ట్రాలవారికి కూడా గోధుమ ఎలుగు, డాల్ అనే అడవి పొట్టేలు, కొండ మేక వేటకు లైసెన్సు ఉన్న గైడు గానీ, అక్కడే నివసించే దగ్గరి బంధువు గానీ వెంట ఉండాలి. డాల్ పొట్టేలును తీయాలంటే కొమ్ము పూర్తిగా చుట్టు తిరిగి ఉండాలి, లేదా వయసు ఎనిమిదేళ్ళయినా ఉండాలి, లేదా రెండు కొమ్ముల కొసలూ విరిగి ఉండాలి. ఎదుటి కొండ మీద కదిలే పొట్టేలు కొమ్ముమీద ఏడాదికొకటిగా పడే గీతలను టెలిస్కోపులోంచి లెక్కపెడుతూ గైడు పడుకొని ఉంటే, పక్కన చలికి వణుకుతున్న క్లయింటు "ఇంకెంతసేపు?" అని గొణుగుతూ ఉంటాడు.

అదే అలాస్కా చట్టంలో ఇంకొక మాట ఉంది, నీవు దాని మీద తప్పకుండా విరుచుకుపడతావు. తన క్లయింటు వేట చట్టాన్ని ఉల్లంఘించాడని నమ్మడానికి తగిన కారణం ఉంటే గైడు ఆ సంగతి వెంటనే అధికారులకు తెలియజేయాలి, దాచిపెడితే అది అతని నేరమవుతుంది. ఎవరి ఉప్పు తింటున్నాడో అతని మీదనే ఫిర్యాదు చేయమనడం మొదట నాకు కూడా మింగుడుపడలేదు. కానీ ఆలోచిస్తే ఇది గైడుకు బలమే. "నేను చూసీచూడనట్టు ఊరుకోలేను, నా లైసెన్సు పోతుంది" అని చెప్పగలిగినవాడికి క్లయింటుతో తగవు పెట్టుకోవలసిన అవసరం ఉండదు, తప్పంతా చట్టం మీదికి నెట్టి స్నేహాన్ని నిలుపుకోవచ్చు. అమెరికా కేంద్ర ప్రభుత్వం కూడా అక్రమంగా పట్టిన వన్యమృగాల వ్యాపారాన్ని అరికట్టే 1900 నాటి లేసీ చట్టాన్ని 1988లో సవరించి, అక్రమ వేటకు గైడుగా సేవలందించడాన్ని వన్యమృగాన్ని అమ్మినట్టే లెక్కగట్టింది.

చట్టం ఉన్నా ఇద్దరూ ఒకరి వెనుక ఒకరు దాక్కోవడం మాత్రం ఆగలేదు. 2015లో జింబాబ్వేలోని హ్వాంగే జాతీయ ఉద్యానం పొలిమేరలో సెసిల్ అనే సింహం వేటలో హతమైనప్పుడు లోకమంతా గగ్గోలు పెట్టింది కదా. దాని మెడకు పరిశోధకులు పెట్టిన పట్టీ ఉంది. దాన్ని కాల్చిన, అమెరికా నుంచి వచ్చిన క్లయింటు, వేట చట్టబద్ధంగా ఉండేలా చూడడం గైడుల పనని నమ్మానని ప్రకటించాడు. అతని కాగితాలు సక్రమంగానే ఉన్నాయని అక్కడి ప్రభుత్వం చివరికి తేల్చింది, గైడు మీద పెట్టిన అభియోగాలను 2016లో కోర్టు కొట్టివేసింది. ఇందులో నన్ను పట్టుకున్నది ఆ క్లయింటు మాట. తీర్పు చెప్పే హక్కును గైడు చేతిలో పెట్టడం అంటే, వచ్చిన మచ్చను కూడా అతని నెత్తిన పెట్టడమా? నాకైతే అలా తోచదు. అడగడం చేతకానివాడికి గైడు ఎంత నిపుణుడైనా కళ్ళు ఇవ్వలేడు.

దీనికి తలకిందులైన కథ ఒకటి చెప్తాను. 1902 నవంబరులో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీలో ఎలుగుల వేటకు వెళ్ళాడు. గైడు హోల్ట్ కోలియర్, బానిసగా పుట్టిన నల్లజాతివాడు, ఆ ప్రాంతంలో ఎలుగుల వేటలో అతనికి సాటి లేదని పేరు. అతను అధ్యక్షుణ్ణి ఒకచోట నిలబెట్టి, ఎలుగు ఇటే వస్తుంది, కదలవద్దని చెప్పి కుక్కలతో అడవిలోకి పోయాడు. రూజ్‌వెల్ట్ కాచి కాచి విసిగి భోజనానికి శిబిరానికి వెళ్ళిపోయాడు. ఎలుగు చెప్పిన చోటికే వచ్చింది. కుక్కల మీద పడిన ఎలుగును కోలియర్ కాల్చివేస్తే పని అయిపోయేది, కానీ అది అధ్యక్షుడి కోసం ఉంచవలసిన ఎలుగు. అందుకని తుపాకీ మడమతో తల మీద కొట్టి, తాడు వేసి, చెట్టుకు కట్టి కబురు పంపాడు. రూజ్‌వెల్ట్ వచ్చి చూసి, కట్టేసిన మృగాన్ని కాల్చనన్నాడు, బాధపడకుండా ముగించమన్నాడు. క్లిఫర్డ్ బెర్రిమన్ ఆ సంగతిని కార్టూనుగా వేశాడు, దాని నుంచే టెడ్డీ బేర్ బొమ్మ పుట్టింది. క్లయింటు "వద్దు" అన్న మాట పిల్లల పక్కలోకి చేరింది, అంతకుముందు "కదలవద్దు" అన్న గైడు మాటను ఎవరూ తలుచుకోరు. రూజ్‌వెల్ట్ మాత్రం మరిచిపోలేదు. 1907లో లూసియానాలో వేటకు వెళ్ళినప్పుడు కోలియర్‌ను మళ్ళీ పిలిపించుకున్నాడు.

"మళ్ళీ ఎవరు పిలుస్తారు" అన్న నీ ప్రశ్నకు నాకు దొరికిన మేలైన జవాబు అదే. ఏటేటా తిరిగి వచ్చే క్లయింట్లలో చాలామందిని కట్టిపడేసేది పడిన మృగాల జాబితా కాదు, తమను నొప్పించకుండా ఆపిన మనిషి మీద కుదిరిన గురి. నాకు ఇంకా తెగని సంగతి జాడ పట్టేవాళ్ళది. ఆఫ్రికాలో చాలాసార్లు రోజంతా ముందు నడిచి, విరిగిన గడ్డిపోచ చూసి దున్న ఎటు పోయిందో చెప్పేది వాళ్ళే, ఫోటోలో మాత్రం క్లయింటూ గైడూ ఉంటారు. క్లయింటు ఇచ్చే బహుమానంలో వాళ్ళ వాటా ఎంతో చాలా శిబిరాల్లో గైడో యజమానో తేలుస్తారు. వాళ్ళు "వద్దు" అనాలనుకుంటే ఎవరితో అంటారు? దీని మీద నీవు ఏమనుకుంటున్నావో, ఆ ఫిర్యాదు చట్టాన్ని ఎంత తిట్టుకున్నావో వివరంగా రాయి. నీ ఉత్తరం కోసం ఎదురుచూస్తుంటాను.

ఇట్లు
నీ మిత్రుడు