పలాస జీడి తొక్క సంగతి: పరిశ్రమల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పరిశ్రమల శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

పలాస అంటే ఎవరికైనా జీడిపప్పే గుర్తొస్తుంది. పప్పు గురించి, పిక్కల ధర గురించి మీకు అర్జీలు చాలానే వచ్చి ఉంటాయి. నేను రాస్తున్నది తొక్క గురించి.

తొక్క బరువులో దాదాపు పావు వంతు జీడి నూనే. అందులో ఎక్కువ భాగం అనకార్డిక్ ఆమ్లం. బాగా వేడిచేస్తే అందులోని కార్బన్ డయాక్సైడ్ పోయి కార్డనాల్ అవుతుంది. ఇదీ ఫినాల్ (బెంజీన్ వలయానికి OH గుంపు అతికిన రసాయనం) జాతిదే, కాకపోతే బెంజీన్ వలయానికి 15 కార్బన్ల తోక ఉంటుంది. విలువంతా ఆ తోకలోనే ఉంది. మామూలు ఫినాల్‌తో చేసే బేకలైట్ ప్లాస్టిక్ గట్టిదే గానీ పెళుసు. కార్డనాల్ రెసిన్ కాస్త వంగుతుంది, నీటిని అంటనివ్వదు. అందుకే దాని పొడిని బ్రేక్ లైనింగుల్లో కలుపుతారు. ఓడల ఎపాక్సీ పెయింట్లను చలిలో, తేమలో కూడా గట్టిపరిచే హార్డెనర్లకూ ఇదే మూలం.

మన దగ్గర ఆ తొక్క కొంత నూనె తీయకుండానే పొయ్యిల్లోకి పోతోంది. ఆ పొగ ఘాటు గురించి పలాస వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఒక్కసారి కటింగ్ దగ్గర కూర్చున్న ఆడవాళ్ల వేళ్లు చూడండి. కాలితో మీట తొక్కి పిక్కను చీల్చడం, మొనతో పప్పును పెకలించడం, పిక్కపిక్కకూ వేళ్లకు ఆ తొక్క నూనె జిడ్డు. తోలు నల్లబడి పొరలుగా ఊడుతుంది. నల్లజీడి రసం తగిలితే ఒళ్లు పొక్కేది కూడా ఇలాంటి ఫినాళ్ల వల్లే. నూనో బూడిదో రాసుకుని నెట్టుకొస్తారు. మందపాటి గ్లౌజులు వేసుకుంటే పని సాగదు, కేజీల లెక్కన కూలి మరి!

కార్డనాల్‌ను వాక్యూమ్‌లో స్వేదనం చేయాలి, లేకపోతే ఆ వేడికి ముద్దకడుతుంది. చిన్న వ్యాపారి ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. చిన్న పరిశ్రమల క్లస్టర్ పథకం కింద అందరూ కలిసి వాడుకునే ఉమ్మడి కేంద్రాలకు కేంద్ర ప్రభుత్వం గ్రాంటు ఇస్తోంది. పలాసకు అలాంటిది ఒకటి అడగండి. తొక్కను అక్కడే కొని, నూనె పిండి, స్వేదనం చేయాలి. పిండగా మిగిలిన చెక్క బాయిలర్లకు సరిపోతుంది. ఈ పనిలో వచ్చే ఫినాల్ కలిసిన మురుగు నీళ్లు మాత్రం వాగుల్లోకి వదలకుండా మొదటి రోజు నుంచే శుద్ధి ప్లాంటు ఉండాలి.

ఆ కేంద్రానికి వచ్చే లాభంలోంచే, పట్టు తప్పని పల్చటి గ్లౌజులు కటింగ్ ఆడవాళ్లకు ఉచితంగా ఇవ్వాలని జీవోలో రాయించండి.

ఇట్లు,
కెమిస్ట్రీ పాఠాలు చెప్పే ఒక శ్రీకాకుళం వాసి