మా మామ్మ కోసం నిలబడ్డ అందరికీ

నిన్నటితో మామ్మ పెద్దకర్మ అయిపోయింది. చాలామంది ఫోన్లు చేశారు, ఎత్తలేకపోయాను. ఏమనుకోకండి. సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో, రాత అటూ ఇటూగా ఉంటే సర్దుకోండి.

నాన్న, బాబాయి, కువైట్ నుంచి ఎలాగోలా టికెట్ పట్టుకుని వచ్చిన చిన్నత్త, వీళ్ళకి థాంక్స్ చెబితే తిడతారు. ఈ నాలుగు మాటలూ అసలు ఒకావిడ గురించి.

కాకినాడలో ఆసుపత్రి వార్డులో మా పక్క బెడ్ వాళ్ళావిడ. వాళ్ళాయన కొబ్బరి దింపు తీసే మనిషి, చెట్టు మీంచి పడి నడుం విరిగింది. ఆవిడ కష్టం ఆవిడకి చాలు. మంచం మీదే ఉండి ఉండి మామ్మ జుట్టు అట్టలు కట్టేసింది. నేను దువ్వెన పెడితే చాలు, "అబ్బా" అనేది. ఒక రాత్రి ఆవిడ చూసి చూసి "లే బాబూ, నువ్వు పక్కకి జరుగు" అంది. అరచేతిలో కొబ్బరినూనె పోసుకుని రుద్ది, చివర్ల నుంచి ఒక్కో పాయా వేళ్ళతోనే విడదీసింది. దువ్వెన ముట్టుకోలేదు. వదులుగా జడ అల్లి, తన జడకున్న రిబ్బను తీసి కట్టింది. మామ్మ కళ్ళు తెరవకుండానే "ఎవరమ్మాయివే?" అనడిగింది. "నీ మనవరాల్నే మామ్మా, పడుకో" అంది ఆవిడ.

డాక్టర్లు ఏం చెప్పినా గట్టిగానే ఉన్నాను. అప్పుడు మాత్రం మెట్ల దగ్గరికెళ్ళి భోరున ఏడ్చేశాను. మామ్మ ఆ జడతోనే ఊరొచ్చింది. డబ్బులివ్వబోతే ఆవిడ నా చెయ్యి తోసేసింది. వాళ్ళాయన త్వరగా లేచి తిరగాలి, అంతే నేను కోరుకునేది.

మామ్మా అలాంటి మనిషే. 1996 నవంబరు 6 తుఫానుకి కోనసీమలో కొబ్బరి తోటలన్నీ పడిపోతే, అటక మీద తడవకుండా దాచిన కొబ్బరి డొక్కలు తీసి పొయ్యి వెలిగించి, వీధి వీధికీ గంజి కాచిందట. రెండు గేదెల పాలమ్మి నాన్నని చదివించింది. ఆ పాల లెక్కలన్నీ గోడ మీద బొగ్గు గీతలే.

అలాంటిదానికి మరణ నమోదు ఫారంలో వృత్తి దగ్గర "ఏమీ లేదు" అని రాసేశారు. జనాభా లెక్కల్లోనూ ఇంటిపని చేసేవాళ్ళు పనిచేయనివాళ్ళ కిందికే వస్తారట, ఇక ఈ గుమస్తాని అని ఏం లాభం? పైగా ఆధార్‌లో పేరు ఒకలా, రేషన్ కార్డులో ఇంకోలా ఉందని ఇప్పటికీ తిప్పుతున్నారు. మామ్మ పోయిన రోజు ఉచిత బండి లేదన్నారు. గేటు దగ్గర ప్రైవేటు అంబులెన్సులవాళ్ళేమో బయటి బండిని లోపలికి రానివ్వం అని అడ్డం నిలబడ్డారు. శవం దగ్గర కూడా బేరాలే.

అన్నట్టు, రాత్రికి రాత్రి వచ్చి రక్తమిచ్చిన యానాం కుర్రాళ్ళకి, యెదుర్లంక వంతెన దాటాక బండి ఆపి మాచేత బలవంతాన టీ తాగించిన డ్రైవరన్నకి దండాలు. ఆశా వర్కరు అక్కని మర్చిపోయాను, మొదట ఆసుపత్రికి తీసుకెళ్ళమని పట్టుబట్టింది తనే. ఇన్నాళ్ళూ మా గేదెకి కుడితి పెట్టి పాలు పితికిన పక్కింటి పిన్నీ, నీకూ. ఇంకా ఎవరైనా తప్పిపోతే కింద చెప్పండి, కలుపుతాను.