రీలు ఫొటోల పిచ్చి

ఒరేయ్ శీనూ,

నీ ఫొటోలు చూశాను. "పాత రీలు కెమెరాతో తీసినట్టు రావాలంటే ఏ యాప్ మంచిది?" అని అడిగావు. ఒక్క పేరు చెప్పి ఊరుకోవచ్చు. కానీ కదిపింది నువ్వే కాబట్టి ఇక భరించు.

ముందు ఆ ఫొటోలన్నీ పక్కపక్కన పెట్టుకుని చూడు. ప్రతిదాంట్లోనూ కుడిపక్క పైమూల అదే నారింజ చార, అదే చోట అదే దుమ్ము మరక. దొంగ దొరికిపోయేది అక్కడే! అసలు కెమెరాలో ఆ చార ఊరికే రాదురా. వెనక తలుపు అంచున ఉండే ఫోమ్ పట్టీ పాతబడి పొడైపోతే, ఆ సందులోంచి వెలుతురు దూరి రీలుకి వెనకవైపు నుంచి తగులుతుంది. కలర్ నెగటివ్‌లో అటునుంచి వస్తే ముందు తగిలేది ఎరుపును పట్టుకునే పొర. అందుకే ఎర్రగానో నారింజగానో పడుతుంది.

దీపాల చుట్టూ వచ్చే ఎర్రటి మెరుపుదీ దాదాపు ఇదే కథ. దాన్ని హేలేషన్ అంటారు. బాగా ఎక్కువ వెలుతురు పొరలన్నీ దాటి, రీలు వెనకభాగానికి తగిలి తిరిగొచ్చి మళ్లీ ఎరుపు పొరనే తాకుతుంది. నీడలో ఉన్న తెల్లచొక్కా చుట్టూ కూడా ఆ మెరుపు కనిపిస్తే, ఆ యాప్‌ని వెంటనే డిలీట్ చెయ్. మచ్చ ఉండటం గొప్ప కాదు, రావలసిన చోట రావాలి.

ఈ మోజు కొత్తదేం కాదులే. కోడాక్ తన కోడాక్రోమ్ ఫిల్మ్‌ని ఆపేస్తున్నామని చెప్పింది 2009లో, హిప్‌స్టమాటిక్ యాప్ వచ్చిందీ అదే ఏడాది. తర్వాత వచ్చిన హుజి కామ్ యాప్ ఫొటో మూలన '98 అని తేదీ కూడా కొట్టేది. గుడక్ అయితే మరీనూ, 24 ఫొటోలు తీశాక 'కడిగి' ఇవ్వడానికి మూడు రోజులు ఆగమనేది! ఓవరాక్షనే, కానీ నాకు నచ్చింది. అడ్డమైనవన్నీ తీయకుండా చేయి ఆగుతుంది కదా.

నీ అసలు సమస్య ఫిల్టర్ కాదు, ఫోన్. అది నాలుగైదు ఫ్రేములు కలిపేసి, నీడలన్నీ తేల్చేసి, అంచులు పదునుపెట్టి ఇస్తుంది. దానిమీద గ్రెయిన్, అంటే రీలు ఫొటోల్లో ఉండే ఇసుకలాంటి నలుసు, చల్లడమంటే ఇస్త్రీ చొక్కామీద పెన్సిల్‌తో ముడతలు గీయడమే. అందుకే వీలైతే రా ఫార్మాట్‌లో (ఫోన్ చెక్కకముందు ఉండే ముడి ఫొటో) తియ్, ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలో పడే వెలుతురు, కాస్త తగ్గించు. నెగటివ్ ఫిల్మ్ ఎక్కువ వెలుతుర్ని ఓర్చుకుంటుంది గానీ, ఫోన్‌లో ఒకసారి తెల్లగా పేలిపోయిన ఆకాశంలోకి రంగు తిరిగి రాదు. ఐఫోన్ వాళ్లకి హాలైడ్ యాప్‌లో 2024 నుంచి ప్రాసెస్ జీరో అని ఒక మోడ్ ఉంది, ఈ కలపడాలు, చెక్కడాలు ఏమీ చేయదు.

ఇక నువ్వడిగిన పేరు: వీఎస్‌సీవో. గ్రెయిన్, ఫేడ్ (రంగు వెలిసినట్టు చేసేది) విడివిడిగా తగ్గించుకోవచ్చు. తగ్గించుకోవచ్చు అన్నాను, గుర్తుంచుకో. నీ చేయి ఎప్పుడూ స్లైడర్ చివరిదాకా పోతుంది.

ఆ వానలో తీసిన ఫొటో ఒరిజినల్ ఉంటే పంపు, నేనూ ఓ చేయి వేస్తాను. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది ఫొటోని కుదించి పారేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపు.

ఉంటానురా.