అకార్డియన్ ఉన్నోళ్లకు, ఎండలు ముదరకముందే

అన్నలకూ తమ్ముళ్లకూ నమస్కారం. తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటితే అకార్డియన్‌కు గండమే. లోపల రీడ్లను (గాలికి కదిలి స్వరం పలికే సన్నటి రేకులను) పట్టి ఉంచేది తేనెమైనం, రోజనం (పైన్ చెట్టు బంక) కలిపిన ముద్ద. అకార్డియన్‌ను కారు డిక్కీలో వదిలి కొండెక్కారంటే ఆ ముద్ద మెత్తబడి రీడ్లు కదిలిపోతాయి. ఆపైన ఒక స్వరం మూగబోతుంది, లేదంటే పక్క స్వరం కూడా కలిసి మోగుతుంది.

ఒక మెట్టు (కీ), బెల్లోస్ (మధ్యలోని మడతల గాలితిత్తి) తెరిచేటప్పుడు పలికి, మూసేటప్పుడు పలకలేదా? కంగారొద్దు. ప్రతి స్వరానికీ గాలి రాకకొకటి, పోకకొకటి రీడ్లుంటాయి. ఆ ఒక్కదాంట్లో దుమ్ము ఇరుక్కుని ఉంటుంది, లేదా గాలిని అడ్డుకునే దాని తోలురెక్క వంకరపోయి ఉంటుంది. మీరుగా గీకొద్దు సామీ, శ్రుతి చెడుతుంది.

గాలి కారుతోందేమో చూడాలంటే పట్టీలు విప్పి, మెట్లవైపు గట్టిగా పట్టుకుని, ఏదీ నొక్కకుండా బేస్ వైపు (ఎడమచేతి గుండీల వైపు) వేలాడనివ్వండి. కింద చెయ్యి అడ్డం ఉండాలి. మెల్లగా దిగితే సరే, జర్రున జారితే ఎక్కడో లీకు. మెట్టో గాలిమీటో (స్వరం లేకుండా గాలి వదిలే గుండీ) నొక్కకుండా బెల్లోస్ లాగితే లీకులు రావచ్చు.

పెట్టెలో నిలువుగానే ఉంచండి, పడుకోబెడితే తోలురెక్కలు వేలాడతాయి. నవంబరు వానలప్పుడు సిలికా జెల్ పొట్లాలు రెండు వెయ్యండి, రీడ్లు ఉక్కువి, తుప్పు పడతాయి.

120 బేస్ గుండీల అకార్డియన్ కొత్తగా పట్టినోళ్లు: 20 నిలువు వరసలు, వరసకు 6 గుండీలు. గుంట ఉన్న గుండీ సి స్వరం. అన్నమయ్య కీర్తనల్లో గమకాలు మాత్రం దీన్నడగొద్దు!