కొట్లనూ కాపురాలనూ వేరు చేయకుండా వదిలేసిన పనులపై ఫిర్యాదు

మా భవనం కట్టిన నిర్మాణ సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మొదటి ఫేజు భవనంలో వంటగది మురుగు, పొగ డక్టు, సెల్లార్ ఊట, జనరేటర్, ఉమ్మడి ఖర్చుల లోపాలు, రెండో ఫేజు బుకింగులకు ముందే చేయవలసిన మరమ్మతులు.

అయ్యా,

రెండో ఫేజు కోసం కాలువ గట్టు పొడవునా మీరు పెట్టించిన హోర్డింగుల మీద "కింద బజారు, పైన కాపురం" అని ఉంది. ఆ మాటకు ఆకర్షణ ఉందని మేమూ ఒప్పుకుంటాం. చుట్టూ వరిచేలు, రొయ్యల చెరువులు ఉన్న ఊరు పక్కలకు పెరగాలంటే ఎకరం ధర అడ్డుపడుతుంది. పిల్లలు దూరదేశాల్లో ఉండి ఇక్కడ ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్లకు మందుల షాపు, డాక్టరు, పాలు, కూరలు లిఫ్టు దిగితే దొరకడం ఎంతో ఊరట. షట్టర్ల అద్దె చూసి డబ్బు పెట్టేవాళ్లూ ఉన్నారు. ముందు కొట్టు, వెనక కాపురం అన్నది భీమవరం, పాలకొల్లు, తణుకు పాత బజార్లకు కొత్తదేమీ కాదు కూడా. అయితే ఆ ఇళ్లలో పొయ్యి వెలిగించేవాళ్లూ, ఆ పొగ పీల్చేవాళ్లూ ఒకే కుటుంబం. అందుకని ఎవరూ చెప్పకుండానే పొగ గొట్టం ఇంటి కప్పు దాటి లేచేది, మురుగు దాని దారిన అది పోయేది. ఇప్పుడు కింద హోటల్ నడిపేది అద్దెదారు, పైన ఉండేది 72 కుటుంబాలు. ఒకప్పుడు కొట్టు యజమాని పడిన జాగ్రత్తను ఇప్పుడు గోడలు, గొట్టాలు, మీటర్లు పడాలి. మీరు కట్టకుండా వదిలేసినవి సరిగ్గా అవే.

ముందుగా మురుగు సంగతి. భవనం మురుగు శుద్ధి ప్లాంటు (ఎస్టీపీ) సామర్థ్యం రోజుకు 50 వేల లీటర్లు. ఇంటికి ఐదుగురు, మనిషికి 135 లీటర్లు అనుకుంటే 72 ఫ్లాట్ల వాడకం 48,600 లీటర్లు. అందులో 85 శాతం మురుగుగా దిగుతుందన్నా 41 వేల పైచిలుకు. 120 సీట్ల హోటల్‌కు సీటుకు 70 లీటర్ల చొప్పున 8,400, దాని మురుగు ఇంకో ఏడు వేలు. ఇక్కడికే 48 వేలు దాటింది. దీని మీద, శాంక్షన్ ప్లానులో ఆఫీసులుగా చూపిన రెండో అంతస్తును ఫంక్షన్ హాలుగా మార్చారు. ముహూర్తం రోజున 800 విస్తళ్లు లేస్తే, గిన్నెలకూ చేతులకూ కలిపి మనిషికి 15 లీటర్లే వేసుకున్నా 12 వేల లీటర్లు. అవి రోజంతా నింపాదిగా రావు, మూడు గంటల్లో పోటులా వచ్చి పడతాయి. ఆ పోటును పట్టి ఉంచి, కొద్దికొద్దిగా వదిలే ఈక్వలైజేషన్ ట్యాంకు ఇళ్ల లెక్క మీద కట్టింది. పెళ్లిళ్ల రోజుల్లో అది పొంగి సెల్లార్‌లోకి వస్తోంది.

నీళ్ల కొలత కంటే పెద్ద తప్పు నూనె దగ్గర జరిగింది. హోటల్ సింకు కింద నూనె, జిడ్డు పట్టడానికి పెట్టిన తొట్టె (గ్రీజు ట్రాప్) 100 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా. హాలు వంటగదికి అదీ లేదు. వేడినీళ్లూ సబ్బూ కలిసినప్పుడు నూనె సన్నని చుక్కలుగా విరిగి నీటిలోనే ఉండిపోతుంది. అది విడిపోయి పైకి తేలాలంటే నీరు చల్లబడాలి, ట్రాప్‌లో కనీసం 20 నుంచి 30 నిమిషాలు నిలవాలి. నిమిషానికి 60 లీటర్లు వచ్చే సింకు కింద 100 లీటర్ల డబ్బాలో నీరు రెండు నిమిషాలు కూడా ఆగదు. నూనె అక్కడ తప్పించుకుని, కింద పైపులో చల్లబడి, గోడలకు పేరుకుంటుంది. ఎస్టీపీ దాకా చేరినదేమో గాలి బుడగలు వదిలే డిఫ్యూజర్ల రంధ్రాలను మూసేస్తుంది. గాలి అందక సూక్ష్మజీవులు చచ్చి, బురద కిందికి దిగకుండా పైకి తేలుతుంది, వెనకాల ఉన్న ఇసుక ఫిల్టరు బిగుసుకుపోతుంది. ఎస్టీపీలో శుద్ధి అయి ఫ్లష్ ట్యాంకుల్లోకి వచ్చే నీరు కంపు కొట్టడానికి కారణం ఇదే, ఫ్లాట్లవాళ్లు ఏదో పారబోయడం వల్ల కాదు. మీ నిర్వహణ సిబ్బంది పైపుల్లో పోస్తున్న కాస్టిక్ సోడా ఆ జిడ్డును నాలుగు మీటర్లు ముందుకు జరుపుతుందంతే. పైగా ఎస్టీపీలో మిగిలిన జీవాన్నీ చంపుతుంది.

కావలసింది ఇదీ: హోటల్‌కు 2,000 లీటర్లు, హాలుకు 4,000 లీటర్లు పట్టే రెండు అరల గ్రీజు ట్రాపులు, విడివిడిగా, భవనం బయట, మనిషి మూత తీసి తోడగలిగే చోట. హాలు కొలత ఎలా వచ్చిందంటే, 12 వేల లీటర్లు మూడు గంటల్లో అంటే సగటున నిమిషానికి 67 లీటర్లు. రద్దీలో దానికి రెట్టింపు, దాన్ని 30 నిమిషాలతో హెచ్చిస్తే 4,000. ట్రాప్‌కు ముందు జాలీ బుట్ట తప్పనిసరి. మన ఊళ్లో విందు అంటే రొయ్య పొట్టు, చేప పొలుసు ఉంటాయి, అవి ఎస్టీపీలో తొందరగా కరిగేవి కావు. ట్రాప్ లోతులో నాలుగో వంతు జిడ్డూ బురదా నిండేలోపే తోడించాలి, తోడించిన తేదీ రిజిస్టరులో రాయాలి. వంటగది పైపు ట్రాప్ దాటేవరకు ఇళ్ల పైపుతో ఎక్కడా కలవకూడదు. శుద్ధి అయి బయటికి పోయే నీటిలో నూనె లీటరుకు 10 మిల్లీగ్రాములు మించకూడదన్న ప్రమాణం ఉంది. ఆ పరీక్ష నివేదిక ప్రతి నెలా మాకు ఇవ్వాలి.

ఇక పొగ. వంటగది డక్టును ఫ్లాట్ల బాత్రూము కిటికీలున్న నిలువు ఖాళీ (షాఫ్టు)లోనే, కరెంటు కేబుళ్ల పక్కన ఎక్కించి, నాలుగో అంతస్తు దగ్గర ఆపేశారు. అది రివిట్లు కొట్టిన పలుచని జింకు పూత (జీఐ) రేకు. ఫ్యాను కింద వంటగదిలోనే ఉంది కాబట్టి గాలిని పైకి నెడుతుంది. నెట్టినప్పుడు ప్రతి అతుకు నుంచీ పొగ, నూనె ఆవిరి షాఫ్టులోకి చిమ్ముతాయి. అదే ఫ్యాను టెర్రస్ మీద ఉండి పీల్చితే, అతుకు వదులైనా బయటి గాలే లోపలికి వెళుతుంది. నూనె పేరుకున్న డక్టులో నిప్పురవ్వ పడితే మంట నిలువునా లేస్తుంది, పక్కన కేబుళ్లున్నాయి. దీన్ని అసౌకర్యం కింద రాయడం లేదు, ప్రాణాపాయం కింద రాస్తున్నాం. విడి షాఫ్టులో, 1.6 మి.మీ. ఉక్కు రేకుతో, అతుకులన్నీ పూర్తిగా వెల్డింగ్ చేసిన డక్టు టెర్రస్ దాటి వెళ్లాలి. గాలి వేగం సెకనుకు 2.5 మీటర్లకు తగ్గకూడదు, శుభ్రం చేసే తలుపులు ఉండాలి. ఇది అయ్యేవరకు రెండు వంటగదులూ మూసి ఉంచండి.

సెల్లార్ విషయంలో మీ నివేదిక "సీపేజీ (ఊట) సరిచేయబడింది" అంటోంది. మీ మేస్త్రీలు వచ్చింది మే నెలలో. అప్పుడు కాలువలు కట్టేసి (నీరు ఆపేసి) ఉంటాయి, ఊట దిగిపోతుంది, ఏ గోడైనా పొడిగానే కనిపిస్తుంది. సిమెంటు పూసి ఫోటోలు తీసుకెళ్లారు. కాలువలకు నీరు వదిలి, వానలు పడ్డాక ఇక్కడ భూగర్భజలం నేలకు మీటరున్నర లోతులోనే ఉంటుంది. మన సెల్లార్ అడుగు నాలుగు మీటర్లు. అంటే రెండున్నర మీటర్ల నీరు అడుగు స్లాబును చదరపు మీటరుకు రెండున్నర టన్నుల బలంతో పైకి తోస్తోంది. లోపలి పూత దాన్ని ఆపలేదు. నీరు వస్తున్నది అడుగు పునాది స్లాబూ (రాఫ్టు) గోడా కలిసే అతుకులోంచి. అక్కడ నీటిని ఆపే పీవీసీ పట్టీ (వాటర్‌స్టాప్) వేసినట్టు మీ డ్రాయింగులో ఉంది, మేము రెండు చోట్ల తొలిపించి చూస్తే లేదు. గోడ వెంట కాలువ చెక్కి పంపుతో తోడడం అసలు మందు కాదు. తోడినకొద్దీ నీటితోపాటు రాఫ్టు కింది మెత్తని మట్టీ వస్తుంది. ఊట ఉప్పుగా ఉంది కాబట్టి కాంక్రీటు లోపలి కమ్మీలు తుప్పు పట్టి ఉబ్బి కాంక్రీటును పగలగొడతాయి.

మరమ్మతు కాలువలు నిండుగా పారే రోజుల్లోనే, ఊట కంటికి కనిపిస్తుండగా చేయాలి. అతుకు పొడవునా సుమారు 300 మి.మీ.కు ఒక రంధ్రం, 45 డిగ్రీల వాలులో, గోడ మందం మధ్యలో అతుకును తాకేలా వేసి, ప్యాకర్లు (రంధ్రంలో బిగించే నాజిళ్లు) పెట్టి, నీటిని ఆపే పాలియురెథేన్ రెసిన్ ఎక్కించాలి. మొదట నురుగు రకం నీటిని ఆపుతుంది, అంతటితో వదిలితే మళ్లీ కారుతుంది. దాని వెనకే సాగే గుణమున్న రెసిన్ ఎక్కించాలి. అంతకుముందు స్తంభాల నుంచి కాంక్రీటు ముక్కలు (కోర్లు) తీసి ఉప్పు ఎంత చేరిందో చెప్పే క్లోరైడ్ పరీక్ష, కమ్మీల తుప్పు తెలిపే హాఫ్ సెల్ పరీక్ష చేయించండి. రెండో ఫేజులోనూ సెల్లార్ ఉందని విన్నాం. ఈ నేలలో పార్కింగు నేలపైన, ఇళ్ల కింది అంతస్తుల్లో (పోడియం) కట్టడమే తెలివైన పని.

250 కేవీఏ జనరేటర్ పొగ ర్యాంపు పక్క గోడలోంచి వస్తోంది. నియమం ప్రకారం భవనం ఎత్తు మీద, కేవీఏ వర్గమూలానికి 0.2 రెట్లు, అంటే ఇంకా 3.2 మీటర్లు పైకి గొట్టం ఉండాలి. నివాస ప్రాంతంలో రాత్రి 10 దాటాక శబ్దం 45 డెసిబెల్స్ మించరాదు. హాలు సౌండ్ సిస్టమ్‌నూ రాత్రి అదుపులో ఉంచాలి. హాలు అతిథులు ఇళ్ల మెట్లు వాడకుండా తలుపు వేరు చేయాలి, అగ్నిమాపక తలుపుకు అడ్డం పెట్టిన ఇటుకలు తీయించాలి. స్టిల్టు (భవనం కింద స్తంభాల మధ్య ఉండే) పార్కింగును విడిగా అమ్మకూడదని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది, షాపులకు మీరు అమ్మిన పార్కింగు స్థలాలు సంఘానికి వెనక్కి ఇవ్వండి.

మెయింటెనెన్స్ అందరికీ చదరపు అడుగుకు ఒకే రేటు వేస్తున్నారు. చూడటానికి సమానంగా ఉన్నా, హోటల్ జిడ్డు తోడే ఖర్చును ఫ్లాట్లు మోస్తున్నాయి. జనరేటర్, ఎస్టీపీ, నీటి పంపులకు షాపుల వైపూ ఇళ్ల వైపూ వేర్వేరు సబ్‌మీటర్లు పెట్టి, వాడకం మీద పంచాలి. లిఫ్టులు, కాపలా ఎవరివి వారివి. ఫైర్ పంపు, ప్రహరీ లాంటి నిజమైన ఉమ్మడి వాటికే చదరపు అడుగు లెక్క.

స్వాధీనం ఇచ్చి రెండేళ్లే అయింది. స్థిరాస్తి నియంత్రణ (రెరా) చట్టం 14వ సెక్షన్ ప్రకారం ఐదేళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో, సేవల ఏర్పాటులో లోపం కనబడితే, తెలియజేసిన 30 రోజుల్లో మీ ఖర్చుతో సరిచేయాలి. అదే సెక్షన్ కింద ప్లాను మార్చాలంటే మూడింట రెండొంతుల మంది కొనుగోలుదారుల రాతపూర్వక సమ్మతి కావాలి. ఫంక్షన్ హాలుకు మీరు ఎవరినీ అడగలేదు. 17వ సెక్షన్ కింద నిర్మాణం పూర్తయినట్టు ధ్రువపత్రం (కంప్లీషన్ సర్టిఫికెట్) వచ్చిన 30 రోజుల్లో సంఘానికి ఇవ్వవలసిన డ్రాయింగులు, పత్రాలు ఇంకా రాలేదు. మా చేతికి వచ్చిన సెల్లార్ డ్రాయింగు ఒక్కటీ బ్యాంకు ఫైలులోంచి తీసుకున్నదే.

ఈ లేఖ అందిన ఏడు రోజుల్లో రెండు వంటగదులూ ఆపి, పదిహేను రోజుల్లో పనుల షెడ్యూలు, మిగతా డ్రాయింగులు పంపండి. 30 రోజులు దాటితే 31వ సెక్షన్ కింద రాష్ట్ర రెరా అథారిటీకి ఫిర్యాదు ఇస్తాం. పరీక్షల ఫోటోలు, నీటి నమూనాల నివేదికలు, శాంక్షన్ ప్లాను ప్రతి దీనికి జతచేశాం. సెల్లార్ చూడటానికి మీ స్ట్రక్చరల్ ఇంజనీరును ఈ నెలలోనే పంపండి. కాలువలు కట్టేసే దాకా ఆగవద్దు.

ఇట్లు,
సాంకేతిక కమిటీ,
ఫ్లాట్ల యజమానుల సంఘం,
భీమవరం.