లైను పోయిన రోజు ఎవరొస్తారో అడుగు

గుంటూరు,
ఆదివారం

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

కొత్త ఫ్లాట్‌కి ఏ నెట్ కనెక్షన్ తీసుకోమంటావని అడిగావు. నువ్వు పంపిన మూడు ప్లాన్లూ చూశాను. మూడింట్లోనూ స్పీడు, ధర తప్ప ఇంకేమీ లేదు. ఫోన్లో చెబితే పాప గొడవలో సగం చెవికెక్కదని రాస్తున్నాను. ముప్ఫై ఏళ్లు టెలిఫోన్ లైన్ల మీద పనిచేసినవాణ్ని. లైను పోయిన రోజు ఎంతసేపట్లో మనిషి వస్తాడన్నదే నేను మొదట చూస్తాను.

పోయిన శ్రావణంలో మన ఇంట్లో ఐదు రోజులు నెట్ లేదు. డబ్బా మీద ఎర్ర లైటు. ఎప్పుడు ఫోన్ చేసినా ‘సాయంత్రంలోగా వస్తార’నేవాళ్లు. మీ అమ్మ ఆ ఐదు రోజులూ పాప ముఖం చూడకుండా గొంతు విని సరిపెట్టుకుంది. చివరికి ఒక కుర్రాడొచ్చి వెతికితే, గేటు ఊచకి తీగను బిగించి మడిచి కట్టిన చోట లోపల ఫైబర్ విరిగి ఉంది. మా రోజుల్లో రాగి తీగ తెగితే రెండు కొసలూ మెలిపెట్టినా మాట వినపడేది. ఇది వెంట్రుకంత గాజుపోగు. అతను తొడుగు ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, కొసలు సమంగా కోసి మిషన్లో పెట్టాడు. చిన్న తెర మీద ఆ రెండు కొసలూ ఎదురెదురుగా జరిగి అతుక్కోవడం పక్కనే నిలబడి చూశాను. పదిహేను నిమిషాల పని. ఆలస్యం ఎందుకైందంటే, ‘మిషన్ ఒక్కటే సార్, నాలుగు ఏరియాలకి’ అన్నాడు. ఆ పిల్లవాణ్ని ఏమనగలం?

అందుకే కంపెనీ పేరు చూసి తీసుకోకు. ఒకే కంపెనీ చందానగర్‌లో బాగుండి, రెండు వీధుల అవతల ఏడిపించవచ్చు. మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని, ఎదురింటివాళ్లని అడుగు: వానాకాలంలో ఎన్నిసార్లు పోయింది, మళ్లీ ఎప్పుడొచ్చింది, ఎవరొచ్చి బాగుచేశారు. 2025 ఆగస్టులో రామంతాపూర్ రథయాత్రలో కరెంటు షాక్‌తో మనుషులు చనిపోయాక, హైదరాబాద్‌లో కరెంటు స్తంభాల మీది కేబుళ్లు తీయించారు గుర్తుందా? చాలా కాలనీల్లో నెట్ ఆగిపోయింది. అప్పుడు మీ వీధిలో ఎవరిది ముందుగా వచ్చిందో కనుక్కో. అదొక్కటి తెలిస్తే చాలా తెలిసినట్టే.

ఇంకొకటి తప్పకుండా అడగాలి. ఫైబర్ నేరుగా ఫ్లాట్‌లోకి వస్తుందా, లేక కింద పెట్టెలో ఆగి అక్కణ్నుంచి ల్యాన్ కేబుల్ వేస్తారా? పెట్టెలో నెట్‌ని ఫ్లాట్లకి పంచే పరికరం, స్విచ్ అంటారు, ఉంటే దానికీ కరెంటు కావాలి. కరెంటు పోతే నీ ఇంట్లో ఇన్వర్టర్ నడుస్తున్నా నెట్ రాదు. ఫైబర్ నేరుగా లోపలికొస్తే, నీ రౌటర్‌కి చిన్న యూపీఎస్ (కరెంటు పోయినా నడిపే బ్యాటరీ) ఒకటి పెట్టుకుంటే చాలామటుకు ఆగదు. ఇద్దరూ ఇంటి నుంచే పనిచేస్తున్నారు కాబట్టి దీని దగ్గర రాజీ పడొద్దు.

స్పీడుకి 100 ఎంబీపీఎస్ మీకు ధారాళంగా సరిపోతుంది. ఎంబీపీఎస్ అంటే సెకనుకి ఇన్ని మెగాబిట్లు అని. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు, అంటే సెకనుకి పన్నెండున్నర మెగాబైట్లు. వీడియో మీటింగ్‌కి అందులో కొంచెమే పడుతుంది. అప్‌లోడ్ ఎంతో మాత్రం అడుగు, మీటింగుల్లో నీ గొంతు అవతలికి వెళ్లేది దాని మీదే. ‘అన్‌లిమిటెడ్’ అన్నా చాలా ప్లాన్లలో డేటా పరిమితి ఉంటుంది, దాటితే స్పీడు బాగా తగ్గిస్తారు. చెప్పిన ధర మీద 18 శాతం జీఎస్టీ కూడా లెక్కేసుకో. టవర్ నుంచి గాలిలో వచ్చే 5జీ కనెక్షన్ ఫైబర్ దొరకనిచోట పనికొస్తుంది గానీ, రాత్రి పూట అందరూ వాడేటప్పుడు తగ్గొచ్చు.

ఏడాది డబ్బు ముందే కడితే ఇన్‌స్టలేషన్ ఉచితం అంటారు. ఆశపడకు తల్లీ. ముందు నెలకి తీసుకుని రాత్రి తొమ్మిదింటికి, వాన పడిన రోజున ఎలా ఉందో చూడు. కంప్లయింట్ ఇచ్చిన ప్రతిసారీ నంబరు రాసి పెట్టుకో. తేలకపోతే ఆ కంపెనీలోనే అప్పీలుకి వెళ్లొచ్చు, అప్పుడు ఆ నంబరే అడుగుతారు.

రౌటర్ని టీవీ అల్మరాలో దాచొద్దు. హాలు మధ్యకి, కాస్త ఎత్తుగా పెట్టించు. వైఫైలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ గోడలు దాటితే నీరసపడుతుంది. అల్లుడుగారి టేబుల్‌కి కేబుల్ లాగేయండి, ఇంకా మేలు.

శనివారం పల్నాడు ఎక్స్‌ప్రెస్‌కి మేమిద్దరం బయల్దేరుతున్నాం, లింగంపల్లిలో దిగుతాం. కనెక్షన్ ఇచ్చే కుర్రాణ్ని ఆదివారం రమ్మను. తీగ ఎక్కడా మడత పడకుండా గుండ్రంగా తిప్పి కట్టేలా నేను దగ్గరుండి చూసుకుంటాను. గోడకి రంధ్రం వేయడానికి ఇంటి ఓనరుగారిని మాత్రం నువ్వు ముందే అడిగి ఉంచు.

పాపకి ముద్దులు.

మీ నాన్న