మంచు తుఫాను: ఈ రాత్రికి మన వీధిలో చేయవలసినవి

అందరికీ నమస్కారం.

ఈ రాత్రి నుంచి న్యూజెర్సీలోని మన ఎడిసన్‌లో మంచు మొదలవుతుందంటున్నారు. 6 అంగుళాలా, 14 అంగుళాలా అన్న వాదన నిన్నటి నుంచీ ఆగలేదు. పోయినసారి ఒకరు కారు పైకప్పు మీద, ఇంకొకరు గాలికి పేరుకున్న కుప్పలో స్కేలు గుచ్చారు. అలాగైతే లెక్క ఎన్నటికీ కుదరదు.

2016 జనవరి తుఫానుకు న్యూయార్క్ సెంట్రల్ పార్కులో మొదట 26.8 అంగుళాలని చెప్పి, తర్వాత 27.5గా సరిదిద్దారు. 2006 నాటి 26.9 రికార్డు ఆ సవరణతోనే వెనకబడింది. అందుకే మనమూ సరిగ్గా కొలుద్దాం.

పెరట్లో గాలి తక్కువ తగిలేచోట తెల్లరంగు వేసిన చెక్క పలక పరచండి. 6 గంటలకోసారి కొలిచి, తుడిచి, మళ్లీ పెట్టండి. అంతకన్నా తరచుగా తుడుస్తుంటే మొత్తం ఎక్కువ చూపిస్తుంది. కొలత ఫోటోతో సహా ఇక్కడ పెట్టండి.

కొలత కన్నా ముఖ్యం: గోడ కింది భాగంలో హీటరు పొగ బయటికి పోయే తెల్లటి గొట్టం. దాని మూతి మంచుతో మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకే వస్తుంది, వాసన కూడా తెలియదు. పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి చూడండి.

కార్లు సాయంత్రం 6 కల్లా వీధిలోంచి తీసేయండి, మంచు తోసే బండికి దారి కావాలి. కారు పైకప్పు మీది మంచు దులపకుండా రోడ్డెక్కితే న్యూజెర్సీలో 25 నుంచి 75 డాలర్ల జరిమానా.

ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల చేతికి దయచేసి పార ఇవ్వకండి. సాయం కావలసినవారు ఇక్కడే ఒక మాట రాయండి, పొద్దున్నే వస్తాం.

మరోసారి: కార్లు, సాయంత్రం 6 కల్లా.